వణకని కోడి

చోరనూరులో ఆ యేడు కోళ్ళన్నీ ఒకే రంగువి. గనుల నుంచి ఎడతెగక సాగే లారీలు లేపిన ఎర్రదుమ్ము ఇంటికప్పుల మీదా జొన్నచేల మీదా పడ్డట్టే వాటి రెక్కల మీదా పేరుకుపోయింది. తెలుగు పంతులుగా పనిచేసి విరమించిన చర్చి సంఘపెద్ద కృపానిధి ఇంట రెండు పెట్టలుండేవి. ఒకటి పెరట్లోనే పుట్టి పెరిగిన నాటుపెట్ట. రెండోది పది రోజుల క్రితం ఫారం నుంచి తెచ్చిన తెల్లపెట్ట. భార్య కృపమణికి దగ్గు నెమ్మదిస్తే ఆ తెల్లదాన్ని కోత పండుగనాడు దేవుని సన్నిధిలో అర్పిస్తానని ఆయన మ్రొక్కుకున్నాడు. దగ్గు నెమ్మదించింది. పండుగ రేపే.

పశువైద్యం చదివే మనుమరాలు లోయిస్ సెలవులకు వచ్చి, ఏ జాతి కోడి చలిని ఎలా ఓర్చుకుంటుందో తెలుసుకోవడానికి రోజూ తెల్లవారగానే రెండింటికీ ఒక్కో నెత్తురుబొట్టు తీస్తోంది. నిన్న సాయంత్రం తాతకు విడమరచి చెప్పింది.

"చలికి కొత్తగా పడిన కోడి వణుకుతాది తాతా. వారాల తరబడి చలిలో ఉండింది వణక్కుండానే ఉడుకు పుట్టిస్తాది. దాని కండల కణాల్లో కాల్షియాన్ని ఒగ పక్కకి తోస్తాంటాది, అది మళ్ళా కారి వస్తాంటాది. చెక్‌పోస్టు కాడ లారీలు కదలకుండా ఇంజిన్ ఆడిస్తా నిలబడతాయే, అట్ల. బండి పోదు, ఉడుకు మాత్రం పుడతాది."

"పోని బండికి అంత మేత యాల తల్లీ?"

"ఆ ఉడుకు కోసరమే."

"జన్యువులు రెండిటికీ ఒగటే అంటివి కదా?"

"రోంత తేడాలుంటాయి. పద్యం అందరి పుస్తకంలోనూ ఉంటాది తాతా. చలి వచ్చినప్పుడు ఎవురు అప్పజెప్తారనేదే చూస్తాండా."

కృపానిధికి సగమే బోధపడింది. ఆ సగమే ఆయన కొంప ముంచింది.

శనివారం మంచు వీడకముందే ఆయన లేచి, రెండు పెట్టల్నీ బావినీళ్ళతో శుభ్రంగా కడిగాడు. ఎర్రనీళ్ళు కారి తెల్లది తెల్లగా, నాటుది చుక్కలచుక్కలుగా బయటపడ్డాయి. అంతలో నాటుపెట్ట గడగడ వణకసాగింది. తెల్లది కన్నులు అరమోడ్చి కదలక కూర్చుంది. ఆయన తికమకపడ్డాడు. పాఠం ప్రకారం వణకవలసింది కొత్తది కదా! కాసేపు ఆలోచించి, మ్రొక్కుబడి పక్షికి దేవుడు పది రోజుల్లోనే విద్య నేర్పాడని మురిసిపోయి, నాటుదాన్ని మాత్రం వణుకు ఆగాలని ప్రార్థిస్తూ శాలువలో చుట్టి పొయ్యి దగ్గర పెట్టాడు.

లోయిస్ వచ్చి తెల్లపెట్ట కాళ్ళు పట్టి చూసింది. "ఎవురు కడిగింది దీన్ని?"

"నేనే. పండుగకి గుమ్మడికాయనైనా కడగకుండా తెస్తారా మనోళ్ళు?"

"తోలుదాకా తడిస్తే నాటుకోడైనా వణుకుతాది. వణికేది బతుకుతాది. దీనికి వణికే సత్తువ గూడా లేదు."

పెద్దాయన నాటుపెట్టను శాలువలోంచి తీసి, తెల్లదాన్ని తుడిచి, అదే శాలువలో చుట్టి ఒడిలో పెట్టుకుని పొయ్యి ముందు కూలబడ్డాడు. ఇందాక వణుకు ఆగాలని ప్రార్థించిన నోటితోనే ఇప్పుడు వణుకు రావాలని ప్రార్థించాడు. ఏ ప్రార్థన ఆలకించబడిందో, ఏది తప్పో ఆయనకు తోచలేదు.

చాలాసేపటికి శాలువ కదిలింది. కదిలింది కోడో, తన చేతులో తెలియలేదు. చేతులు తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. శాలువ కూడా.

"వణుకుతాండాదా అమ్మా?" అన్నాడు, తన కన్నుల్ని నమ్మలేక.

లోయిస్ తలూపింది. కృపమణి కాఫీ గ్లాసుతో వచ్చి భర్త వైపూ, ఒడిలోని కోడి వైపూ చూసింది.

"ఇద్దరూ వణుకుతాండారు. కాపీ ముందర ఎవురికి ఈయల్ల?"