వ్యాయామం అట్టలో పెద్దక్క

పొద్దున్నే పేపరు పడగానే మా తమ్ముడు అడిగే మొదటి మాట, "ఎవరన్నా ఉన్నారా అక్కా?" అని.

ఉన్నారా అంటే పోయారా అని అర్థం. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. వాడి కంట్లో నరం దెబ్బతిని సన్నక్షరాలు కనపడవు కాబట్టి నేను చదవాలి. మొదటి పేజీతో వాడికి పని లేదు. ఏడో పేజీలో పోయినవాళ్ళ ఫోటోలు, వయసు, ఇంటి చిరునామా వేస్తారు. ఎవరి కిందైనా "సంగీతమంటే ప్రాణం" అనో "కచేరీ అంటే భోజనం మానుకునేవారు" అనో ఉంటే, వాడు టీ గ్లాసు కింద పెట్టి, "అది మళ్ళీ చదువు" అంటాడు.

పదిరోజులు ఆగి ఆ ఇంటికి వెళ్తాడు. మరీ ముందు వెళ్తే ఏడుస్తూ ఉంటారట, ఆలస్యం చేస్తే పాతసామాను కొట్టువాడు ముందు వెళ్తాడట. సంచిలో అరడజను అరటిపళ్ళు వేసుకుని, నన్ను కూడా తీసుకెళ్తాడు. పక్కన ముసలి ఆడమనిషి ఉంటే ఎవరైనా తలుపు తీస్తారు. "మీవారు నాకు బాగా తెలుసమ్మా" అని మొదలుపెడతాడు. ఏ ఒక్కరూ వాడికి తెలియదు. పోయినాయన భార్య నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. పక్క గదిలో వాడు సంగీతం రికార్డులు ఒక్కొక్కటే అట్టలోంచి లాగి, వాసన చూసి, మీద ఉమ్మి, చొక్కా అంచుతో తుడిచి, గోటితో తడుముతూ గీతలు లెక్కపెడుతుంటాడు. తర్వాత చేతులు దులుపుకుంటూ బయటికొస్తాడు. "అంతా బూజమ్మా. పారెయ్యాలన్నా మనిషిని పెట్టుకోవాలి. పోనీ ఆయన మొహం చూసి నేనే పట్టుకుపోతాను."

"ఆయనకి ఇష్టమైనవి మీలాంటివాళ్ళ చేతిలో ఉంటే చాలు బాబూ," అంటుంది ఆవిడ.

దారిలో వాడు ముసిముసిగా నవ్వుకుంటాడు. ఇంటికొచ్చి, ఆవిడ పట్టుకున్న చెయ్యి నేను సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటాను. కడుక్కుని మర్నాడు పొద్దున మళ్ళీ ఏడో పేజీ తీస్తాను. నాకు వేరే ఇల్లు లేదు, వాడికి వేరే కళ్ళు లేవు.

మా రెండు గదుల్లోనూ రికార్డులు కప్పు దాకా ఉన్నాయి. తడి గోనెసంచి వాసన. అట్టల మధ్య నుంచి వెండిరంగు పురుగులు రాలి మంచాల మీద పడతాయి. ఇన్ని ఉండి వాడొక్క పాట పూర్తిగా వినగా నేను చూడలేదు. ముల్లు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి ఆనించి, గరగర లేదని తెలియగానే తీసేస్తాడు. పాడే మనిషి నోరు తెరవగానే మూసేసినట్టు ఉంటుంది నాకు.

ఇప్పుడు పెద్దక్క సంగతి చెప్పాలి.

మేం ముగ్గురం. పెద్దక్క తనకి పందొమ్మిదేళ్ళప్పుడు ఒక గాయనమ్మ వెనక తంబుర మీటడానికి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. మా నాన్న ఇంటిపేరు వాడొద్దన్నాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. తమ్ముడికి మూడేళ్ళు, ఎప్పుడూ పెద్దక్క చంకలోనే ఉండేవాడు. బస్సెక్కే ముందు వాణ్ణి తన చంకలోంచి నా చంకలోకి మార్చింది. వాడు ఆవిడ జడ వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి వెళ్ళింది. ఆ తర్వాత ఉత్తరాలు రాసింది. మా నాన్న చింపేసేవాడు. నన్ను బడికి పంపలేదు. ఆ ముక్కలు ఏరి, పక్కపక్కన పెట్టుకుని, పొట్లాల కాగితాల మీది అక్షరాలతో పోల్చుకుని నేను చదవడం నేర్చుకున్నాను. పూర్తిగా చదవడం వచ్చేసరికి ఉత్తరాలు ఆగిపోయాయి. పోయిందని ఏడాది తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ ఇంట్లోంచి ఎవరు బయటికెళ్ళినా, ఉప్పు ప్యాకెట్ కోసమైనా సరే, తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలో నిలబడే ఉంటాను.

పోయిన నెల ఒక సోమవారం తమ్ముడు నన్ను పాతసామాను కొట్టుకి తీసుకెళ్ళాడు. విరిగిన కుర్చీలు, టేబుల్ ఫ్యాన్లు, వెనకగా గోడ పొడుగునా రికార్డుల పెట్టెలు. కొట్టాయన ముందర ఎవరికో గడియారం అమ్ముతున్నాడు. తమ్ముడు ఒక రికార్డు లాగి నా చేతికిచ్చాడు.

"వెనక ఏముందో చదువక్కా."

పాటల పేర్లు చదివాను. వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో చదివాను. అట్ట అడుగున, చీమల బారులా సన్నటి అక్షరాల్లో, తంబుర అని రాసి పెద్దక్క పేరుంది. మా నాన్న వద్దన్న ఇంటిపేరుతో సహా.

నేను చదవడం ఆపేశాను. వాడు అడిగితే మళ్ళీ చదివాను. తర్వాత, "ధర చీటీ ఎంతుంది?" అన్నాడు.

చెప్పాను. పళ్ళసందుల్లోంచి గాలి పీల్చాడు.

"శనివారం అన్నీ సగం ధరకిస్తాడు. అప్పుడొద్దాం."

"ఒరేయ్, ఇప్పుడే కొందాం. డబ్బు నా దగ్గరుంది."

"మెల్లిగా మాట్లాడు. నీ మొహం చూశాడంటే చీటీ మార్చేస్తాడు."

"మారిస్తే మార్చనీరా."

"ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందక్కా," అన్నాడు. వాడు నిజంగానే బాధపడ్డాడు.

పాట కోసం కాదు నా తపన. పాట ఎత్తుకునే ముందు రెండు మూడు క్షణాలు తంబుర ఒక్కటే వినిపిస్తుంది. ఆ పాటి చాలు నాకు. డెబ్భై ఆరేళ్ళొచ్చాయి, ఆ రెండు క్షణాలు విని పోవాలని ఉంది. అదే చెప్పాను వాడితో.

"ఐదు రోజులు ఆగలేవా," అంటూనే పని మొదలుపెట్టాడు. పక్కనున్న 'పాటలు కానివి' అన్న పెట్టెలోంచి ఒక రికార్డు తీశాడు. 'ఇంట్లోనే వ్యాయామం' అని దాని పేరు. అట్ట మీద నిక్కరేసుకున్న మనిషొకడు చేతులు పైకెత్తి నవ్వుతున్నాడు. ఆ అట్టలోకి పెద్దక్క రికార్డు తోశాడు. పెద్దక్క అట్టలోకి వ్యాయామం తోశాడు. వాడూ వాడి నేస్తాలూ దీన్ని కాపురం మార్చడం అంటారు. సంగీతం తెలిసినవాడెవడూ వ్యాయామం ముట్టుకోడు. అట్ట చూసి ఆశపడినవాడు లోపల వేరేది ఉండటం చూసి వదిలేస్తాడు. శనివారం వచ్చి రెండూ చవగ్గా పట్టుకుపోవచ్చు.

"శనివారం దాకా పెద్దక్క ఇక్కడ బస్కీలు తీస్తూ ఉంటుందిలే," అని నవ్వాడు. పళ్ళ మధ్య పొద్దుటి బిస్కెట్టు ఇంకా ఉంది.

కొట్టాయన వచ్చాడు. "ఏమన్నా దొరికిందా పెద్దాయనా?"

"ఏముందయ్యా నీ దగ్గర, అంతా చెత్త."

ఆయన నా వైపు చూశాడు. "మీరేమంటారమ్మా?"

నేను నోరు మూసుకున్నాను. ఇది రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. ఒక్క మాట అంటే సరిపోయేది. పళ్ళసంచీ పట్టుకుని ఎన్నో ఇళ్ళల్లో నోరు మూసుకున్నదాన్ని, అలవాటైపోయింది.

ఐదు రోజులు అన్నం సయించలేదు. కొట్టు తగలబడిపోయినట్టు, వాన నీళ్ళు లోపలికొచ్చినట్టు ఊహలు. బుధవారం ఒక్కదాన్నే బయల్దేరాను కూడా. "నువ్వెళ్ళి చెడగొట్టకు" అని వాడు చెప్పులు దాచేశాడు.

శనివారం కొట్టు తెరిచేసరికి గుమ్మంలో ఉన్నాం. 'పాటలు కానివి' పెట్టె ఖాళీగా ఉంది. అడుగున దుమ్ము, ఒక రబ్బరు బ్యాండు.

"ఇందులోవి ఏమయ్యాయి బాబూ?"

"అవా? పాఠాలూ ఉపన్యాసాలూ ఎవరు కొంటారమ్మా. గిన్నెలావిడ నెలకోసారి వచ్చి ఆ పెట్టె మొత్తం ఎత్తుకుపోతుంది. గురువారం వచ్చింది."

"గిన్నెలావిడ ఎవరు?"

"రికార్డులు వేడిచేసి గిన్నెల్లా వంచుతుంది. అంచులు పువ్వులా వస్తాయి. జనం తాళంచెవులు వేసుకోడానికి కొనుక్కుంటారు."

విరిగిన కుర్చీల్లో ఏదో ఒకదాని మీద కూర్చున్నాను. సంగీతం తెలిసినవాళ్ళ కంటపడకూడదని వాడు దాచాడు. దాచి, సంగీతం అక్కర్లేనివాళ్ళ బుట్టలో వేశాడు. వాడి మొహం చూద్దామని తల ఎత్తాను. వాడు నా పక్కన లేడు. డబ్బుల బల్ల దగ్గర పెద్దక్క అట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదేం పద్ధతయ్యా," అంటున్నాడు కొట్టాయనతో. "అట్ట ఒకటి, లోపల ఒకటి. పెద్దవాళ్ళని మోసం చేస్తావా?"

కొట్టాయన లోపలిది తీసి చూసి కంగారుపడ్డాడు. "నేను చూళ్ళేదండీ. తప్పే. మీకు తోచింది ఇచ్చి పట్టుకెళ్ళండి."

"సగంలో సగం ఇస్తాను. అదీ నీ మొహం చూసి."

బయటికెళ్ళి కాలవలో ఉమ్మేశాను. వాడు అట్ట చంకలో పెట్టుకుని నా వెనకే వచ్చాడు. "పోన్లే అక్కా, అట్టయినా దక్కింది."

"గిన్నెలావిడ దగ్గరికి పద."

"గురువారం పట్టుకెళ్తే ఇంకా ఉంటుందా? పైగా మార్చింది మనమేనని కొట్టాయనకి తెలిస్తే మళ్ళీ గడప తొక్కనివ్వడు."

నేను లోపలికి తిరిగెళ్ళి చిరునామా రాయించుకున్నాను. ఒక్కదాన్నే వెళ్ళాను. రెండు బస్సులు మారాలి. బస్సెక్కేటప్పుడు ఇప్పటికీ నేను వెనక్కి తిరిగి చూస్తాను.

ఆవిడ పనిచేసేది ఒక కార్ల షెడ్డులో. కాలిన రబ్బరు వాసన గొంతుకి అడ్డుపడింది. నడివయసు మనిషి, చేతులకి మందపాటి గుడ్డ తొడుగులు. నేను చెప్పింది విని ముందు పొయ్యి ఆర్పేసింది.

"పాటలైతే నేను చెయ్యనండీ. మా అమ్మకి పాటలంటే ఇష్టం. అందుకే ఆ పెట్టెలోవే తెచ్చుకుంటాను. అట్టలు తీసేసి ఒకేసారి దొంతర పెట్టేస్తాను, మధ్యలో పేర్లు చూడను."

"ఇంకా చెయ్యనివి ఉన్నాయా అమ్మా?"

తొమ్మిదున్నాయి. ఒక్కొక్కటే మధ్యలో అంటించిన కాగితం చదివాను. మందుల కంపెనీ ఉపన్యాసం, టైపు పాఠాలు, పక్షుల కూతలు. తర్వాత బల్ల మీది గిన్నెలు చూశాం. రెండో వరసలో చివరిది. ఎర్ర కాగితం మీద గాయనమ్మ పేరు గిన్నె అడుగున గుండ్రంగా ఉంది. చుట్టూ నల్లటి అంచు గొడుగు తిరగేసినట్టు మడతలు పడింది. పెద్దక్క పేరు దాని మీద లేదు. పేరు అట్ట మీదుంది, అట్ట వాడి చంకలో ఉంది. ఇంతకాలానికి దొరికి, మళ్ళీ రెండుగా విడిపోయింది.

బయటి అంచు దగ్గర, పాట ఎత్తుకోకముందు తంబుర వినపడే చోట, వేలు పెట్టి తడిమాను. అక్కడే అన్నిటికన్నా బాగా వంగింది.

"మీవాళ్ళెవరన్నా పాడారా?" అంది గిన్నెలావిడ.

"పాడలేదమ్మా. వెనక కూర్చుంది."

ఆవిడ గిన్నెని పాత తువ్వాల్లో చుట్టి ఇచ్చింది. డబ్బు తియ్యబోతే నా చేతిసంచి మూసేసింది. మంచినీళ్ళు ఇచ్చి, బస్సు వచ్చేదాకా నాతో నిలబడింది.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు కుర్చీలో కూర్చుని అట్టని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. గిన్నె తీసుకెళ్ళి వాడి ఒళ్ళో పెట్టాను. వాడికి కళ్ళక్కర్లేదు, వేళ్ళతో తడిమి తెలుసుకున్నాడు. మధ్య కాగితం చుట్టూ, తొలి అచ్చులకి మాత్రమే ఉండే ఉబ్బు వలయం మీద గోరు పెట్టి తిప్పాడు.

"మొదటి ముద్రణ," అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు దేని కోసమో నాకు తెలుసు. అయినా ఆగాను. వాడికి మూడేళ్ళప్పుడు ఆ జడ ఎలా పట్టుకున్నాడో నాకు గుర్తుంది. ఏదన్నా అంటాడేమోనని ఆగాను.

"ఎంత తీసుకుంది?" అన్నాడు.

"ఊరికే ఇచ్చింది."

"ఊరికేనా?" మొహం విప్పారింది. "అయితే మనకేం పోలేదు."

నేను వాడి చేతిలోంచి అట్ట తీసుకున్నాను.

"అదేంటక్కా, దానికి వేరే రికార్డు దొరికితే సెట్టవుతుంది."

"ఇది నాది."

"ఉత్త అట్ట. నీకెందుకది?"

అట్టని నా పెట్టెలో, చీరల అడుగున, ఉత్తరం ముక్కలున్న కవరు పక్కన పెట్టి తాళం వేశాను. వాడు గిన్నెని అటూ ఇటూ తిప్పి, చివరికి కళ్ళజోడు అందులో పెట్టుకున్నాడు.

మర్నాడు పేపరు పడింది.

"ఎవరన్నా ఉన్నారా అక్కా?"

ఏడో పేజీ తీశాను. పై వరసలో రెండో ఫోటో, నామాల్లా తెల్లటి కనుబొమ్మలున్న పెద్దాయన. రిటైరైన సంగీతం మాస్టారు. నలభై ఏళ్ళు రికార్డులు సేకరించారని, అవే ఆయన ఆస్తి అని రాశారు. భార్య ఉంది. మా ఇంటికి రెండు వీధుల అవతల. చిరునామా రెండుసార్లు చదువుకున్నాను, పెదవులు కదలకుండా.

"ఎవరూ లేరు," అన్నాను.

"సరిగ్గా చూడు. రెండు వారాలైంది ఎవరన్నా తగిలి."

"చూశాను. లేరు. రేపూ ఉండరు."

వాడు నా వైపు తల తిప్పాడు. వాడికి నా మొహం మసకమసగ్గా కనపడుతుంది, అంతే. చాలాసేపు అలాగే చూసి, టీ గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

గ్లాసు వాడి చేతికి అందించి, పేపరు మడిచి, మాస్టారి భార్యకి ఒక్క మాట చెప్పి రావాలని చెప్పులేసుకున్నాను. పళ్ళసంచి తీసుకోలేదు.