బీల గట్టు తెగిన చోట

నీలవేణి గంప దింపుకోకుండానే ఆగిపోయింది. బీల గట్టు మీద కాంట్రాక్టరు కాపలావాళ్ళు ఇద్దరు తన పేట ముసలి వేటగాడు అసిరయ్య వలను కుప్పపోసి పెట్రోలు చల్లుతున్నారు. ముసలివాడు బతిమాలలేదు. "నైలాను బాబూ, పొగ కళ్ళకి తగులుతాది, గాలికి ఎదర నిలబడకండి" అన్నాడు. ఒకడు అతని చెంప మీద లాగి కొట్టాడు, రెండోవాడు అగ్గిపుల్ల గీశాడు. వాళ్ళ వెనక కొత్త బోర్డు ఉంది. చిత్తడి నేల పరిరక్షణ, వేట నిషేధం, పంచాయతీ నిధులు, ప్రజల భాగస్వామ్యం అని పచ్చటి అక్షరాలు. ఆ బోర్డు కిందే ప్రజల్లో ఒకడు చెంప తడుముకుంటూ నిలబడ్డాడు.

నీలవేణిది గంప వ్యాపారం. కళింగపట్నం రేవులో మెత్తళ్ళూ కవళ్ళూ లాంటి చిన్న చేపలు కొని, తన గుల్లలపేట ఇసుకలో ఎండబెట్టి, బీల దాటి జీడివలస వెళ్ళి ధాన్యానికి మారుస్తుంది. గుల్లలపేట వేట చేసుకునేవాళ్ళ ఊరు, జీడివలస రైతుల ఊరు, రెండింటికీ మధ్య బీల. పేరుకి పల్లపు నేల. వానాకాలం చెరువంత అవుతుంది, వేసవిలో పశువులకు మేత. వాననీరు అక్కడ ఆగి నేలలోకి ఇంకుతుంది కాబట్టే జీడివలస నూతుల్లో ఉప్పు తగలదు. బీల సముద్రంలో కలిసే మొగ గుండా రొయ్యపిల్ల లోపలికి ఎక్కుతుంది కాబట్టే వేట లేని రోజుల్లోనూ గుల్లలపేట పొయ్యి వెలుగుతుంది.

ఏటా తొలి వరదకు బీల నిండగానే మొగకు అడ్డంగా పేరుకున్న ఇసుకను తెగ్గొట్టాలి. తొందరపడితే ఉప్పునీరు పొలం ఎక్కుతుంది. ఆలస్యమైతే ఆకుమళ్ళలో వరినారు కుళ్ళిపోతుంది. దీనికి పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. పోటూ పాటూ చూసి, ఎక్కడ కొట్టాలో గుల్లలపేట మనిషి గీత గీస్తాడు. గీత గీసినవాడు పార పట్టకూడదు. పార జీడివలస రైతుది. పార పట్టినవాడు గీత గీయకూడదు. ఒక ఊరు లేకుండా ఇంకో ఊరు మొగను ముట్టుకోలేదు. ఇంత గట్టి పొత్తు నీలవేణి ఏ వ్యాపారంలోనూ చూడలేదు.

ఆ పొత్తును కాంట్రాక్టరు ధనరాజు రెండు మాటలతో విడగొట్టాడు. అతను సర్పంచికి బావమరిది. మండలంలో మట్టి పని ఏదైనా అతని చేతి మీదుగానే నడుస్తుంది. బీలను కాపాడడానికి నిధులొచ్చాయనీ, మొగకు అడ్డంగా రాతి గట్టు కట్టి గేటు పెడతామనీ రెండూళ్ళలోనూ చెప్పాడు. జీడివలసలో రైతు సోములు అరుగు మీద కూర్చుని ఇక ఉప్పు రాదన్నాడు. గుల్లలపేటలో వలల మధ్య నిలబడి ఇక నీళ్ళు పోవన్నాడు. రెండు చోట్లా నీలవేణి ఉంది, రెండు మాటలూ విన్నది. తనూ ఒకే చేపను ఒకరికి కూరకనీ, ఒకరికి పచ్చడికనీ చెప్పి అమ్మే మనిషి కాబట్టి అతని నేర్పు ఆమెకు నచ్చింది కూడా. రెండూళ్ళ వాళ్ళూ సంతోషంగా తీర్మానం మీద వేలిముద్రలు వేశారు. కట్టుబాటు మూలన పడింది.

గట్టు లేచింది. గట్టు మీద రంగురంగుల రెయిలింగు, పడవ షికారుకి టిక్కెట్ల గది లేచాయి. గేటు ఉండాల్సిన చోట మాత్రం మూడు వరసల రాయి పేర్చి మూసేశారు. ఈ ఏడు తొలి వరద వచ్చేసరికి నీరు వెనక్కి తన్ని జీడివలస ఆకుమళ్ళు మునిగాయి. మొగ మూసుకుపోయి బీలలోకి రొయ్యపిల్ల ఎక్కలేదు. వేటవాళ్ళే వలలు అడ్డుకట్టి నీరు ఆపేశారని రైతులు తిట్టారు. రైతులే ధనరాజుతో కుమ్మక్కయ్యారని వేటవాళ్ళు తిట్టారు. తిట్టుకునే ఊళ్ళ మధ్య బేరం సాగదు. నీలవేణి గంప నిండుగా వెళ్ళి నిండుగానే తిరిగొస్తోంది.

వల కాల్చిన మర్నాడు గ్రామసభ. ఇంకో రెండు రోజులు నీరు తియ్యకపోతే ఆకుమడిలో ఒక్క మొక్క మిగలదని రైతులు మొత్తుకున్నారు. ఇంజనీరు రమేష్‌బాబు కాగితం తిరగేసి, అంచనాలో గేటు ఉంది, పూర్తయినట్టు రికార్డులోనూ ఉంది అన్నాడు.

"అయితే ఆ రికార్డులోంచే నీళ్ళొదలండి బాబూ" అన్నారు వెనకనుంచి ఎవరో. నవ్వు లేచింది, లేచిన చోటే చచ్చిపోయింది.

సోములు నీలవేణి వైపు తిరిగాడు. "ఒలే, మీ పేటోళ్ళు మా ఆకుమడి కుళ్ళబెట్టినారు. మళ్ళీ ఏ మొగం ఎట్టుకుని గంప తెస్తావే?"

అసిరయ్య లేచాడు. చెంప ఇంకా వాచే ఉంది. "ఒరే సోములూ, నా వల బూడిదైపోనాది. బూడిద నీళ్ళు ఆపుతాదేటిరా?"

సభ గుప్పుమంది. రెండు వైపులా మనుషులు లేచి నిలబడ్డారు. ధనరాజు కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాడు. ఆ కాలు చూశాక నీలవేణికి లెక్క తేలిపోయింది. ఈ గొడవ ఎంతసేపు సాగితే అతనికి అంత లాభం. ఆమె లేచింది.

"సోములు మావా, నీ అరుగు మీద ఈ బాబు ఏటన్నాడు? గేటెట్టి ఉప్పు ఆపుతానన్నాడు. నాను ఇన్నాను. మా పేటకొచ్చి ఏటన్నాడు? గేటెట్టి నీళ్ళు ఆపుతాను, ఏడాదంతా రొయ్యే అన్నాడు. అదీ ఇన్నాను. మీకు కావలసింది మీకమ్మినాడు, మాకు కావలసింది మాకమ్మినాడు. సరుకు మాత్రం నేదు. తెలిసీ నాను నోరు ఇప్పనేదు. రెండూళ్ళూ కులాసాగుంటే నా గంప ఖాళీ అవుతాది గదా అనుకున్నాను."

ధనరాజు నవ్వి, గట్టు మీద నీకో షాపు రాయిస్తాను అప్పా, గంప మోత తప్పుతుంది అన్నాడు.

నీలవేణి కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. మెడ నరాలు పట్టేసిన మనిషికి షాపు చిన్న మాట కాదు. "బేరం మంచిదే బాబూ. రెండూళ్ళూ ఎండిపోనాక కొనీవోడెవడు?" అంది.

తెల్లారేసరికి జనం గట్టు మీద ఉన్నారు. ఎవరూ దండోరా వెయ్యలేదు. అసిరయ్య పాటు తిరిగేదాకా సముద్రం వైపే చూశాడు. తర్వాత తెడ్డు మొనతో రాళ్ళ మీద అడ్డంగా గీత గీసి పక్కకు తప్పుకున్నాడు. సోములు ఆ గీతనూ, ముసలివాడి చెంపనూ చూశాడు. పార ఎత్తాడు. తగిలిన మొదటి దెబ్బకే సిమెంటు వేపుడు పిండిలా రాలింది. వెనక ఆడవాళ్ళు ధనరాజు మీద బూతులు అందుకున్నారు. ఇన్ని నిధులు మింగి కట్టిన గట్టు పూట తిరక్కుండా తెగింది. బీల నీరు ఎర్రగా పొర్లుతూ మొగలో పడింది.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. గీత గీసినవాణ్ణి, పార పట్టినవాణ్ణి, ఎగదోసిన మనిషిని తీసుకుపోయారు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కేసు పెట్టారు. వల కాల్చినవాళ్ళ మీద కేసు లేదు. వల ప్రభుత్వ ఆస్తి కాదు కదా.

సోముల్నీ నీలవేణినీ కొన్నాళ్ళకు బెయిలు మీద వదిలారు. గట్టు మీద కాలు పెట్టకూడదని షరతు. అసిరయ్యను వదల్లేదు. నిషేధిత ప్రాంతంలో వేటాడాడని కాపలావాళ్ళు ముందే ఇంకో కేసు పెట్టి ఉంచారు. దగ్గుతో నిద్ర పట్టని మనిషిని జైలు గచ్చు మీద పడుకోబెట్టారు.

తిరిగొచ్చిన రోజే కొత్త కబురు తెలిసింది. తెగిన గట్టు మరమ్మతుకు అత్యవసర నిధులు మంజూరయ్యాయి. పని మళ్ళీ ధనరాజుకే. ఈసారీ గేటు లేదు, ఉన్నదంతా రాయే. మూసినందుకోసారి, తెగినందుకోసారి. ఒకే గట్టు మీద ఇంత లాభం తన బతుకులో ఎవరికీ రావడం నీలవేణి చూడలేదు. అప్పటికే రాళ్ళ లారీ గండి దగ్గరికి వచ్చేసింది.

ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా అక్కడికే వెళ్ళింది. ఎస్సై చెయ్యి అడ్డం పెట్టి, గట్టు మీద కాలు పెడితే మళ్ళీ లోపలికే అన్నాడు.

"పెట్టను బాబూ" అని నీలవేణి చీర బిగించి పక్కనుంచి నీళ్ళలోకి దిగింది. గండి మధ్యకు నడిచి, నడుం లోతులో నిలబడింది. "ఇక్కడ గట్టెక్కడున్నాది? నీళ్ళలో నిలబడొద్దని జడ్జీగారు రాయనేదు."

సోములు భార్య లక్ష్మణమ్మ చెప్పులు విడిచి జీడివలస వైపు నుంచి దిగింది. ఆమె వెనక సోములు, అతని వెనక నారు మిగిలినవాళ్ళు, నారు పోయినవాళ్ళు. గుల్లలపేట వైపు నుంచి అసిరయ్య కోడళ్ళు, పడవలాపుకుని వచ్చిన మగవాళ్ళు. గండి ఈ చివర నుంచి ఆ చివరకు మనుషులతో నిండింది.

లారీ డ్రైవరు ధనరాజు వైపు చూశాడు. ధనరాజు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తన బూట్ల వైపు చూసుకున్నాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

నీళ్ళు మాత్రం వాళ్ళ నడుముల మధ్య నుంచి సముద్రంలోకి పోతూనే ఉన్నాయి.