ముందు ఎవరు లేవాలి

మాట్లాడని మగపిల్లాణ్ణి తణుకులో బుద్ధిమంతుడంటారు. దక్షిణామూర్తి ముప్పై నాలుగేళ్లు ఆ బిరుదు మీదే బతికాడు. పెళ్లిళ్లలో ఓ మూల కుర్చీ చూసుకుని కూర్చుంటే "ఎంత నెమ్మదో" అన్నారు. ఆఫీసులో ఎవరితోనూ కలవకపోతే "ఎంత పనిమంతుడో" అన్నారు. ఆ పనితనానికి మురిసిపోయిన కంపెనీవాళ్లు జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని తమ గోడౌన్ లెక్కలు చూడమని 2013లో అతన్ని దుబాయ్ పంపారు. ఇక్కడ మాత్రం అతన్ని బుద్ధిమంతుడు అనే తీరిక ఎవరికీ లేదు.

కరామా పేటలో నలుగురున్న గదిలో అతనికీ ఓ మంచం దొరికింది. ఆ నలుగురూ మొదట్లో పలకరించారు. పలకరింపు చెవిన పడగానే నిద్రపోవడం దక్షిణామూర్తి నేర్చుకున్నాడు. ఆ విద్యలో ఎంత ఆరితేరాడంటే, పాపం ఈయనకేదో జబ్బని వాళ్లు నిశ్చయించుకుని గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. లిఫ్టులో మనిషి కనిపిస్తే ఇతను మెట్లెక్కేవాడు. సందు చివర కొట్టువాడు ఏది చేతిలో పెడితే అది తెచ్చుకునేవాడు, వద్దనాలంటే నోరు తెరవాలి కనుక. మంచం కింద తాను ముట్టని ఖర్జూరం డబ్బాలు పేరుకుపోయాయి.

ఇదంతా పైకి. లోపల మనిషి కుమిలిపోతున్నాడు. ఒక సాయంత్రం బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చాడు కూడా. ఏడవడంలోనూ ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నది అతని సంస్కారం.

గురువారం ముదీర్ పిలిచాడు. ముదీర్ అంటే ఆ ఆఫీసుకి మేనేజరు, బీరూట్ మనిషి. "ఇంకో ఆరు నెలలు ఉంటావా, వెళ్లిపోతావా? ఆదివారం చెప్పు" అన్నాడు. దక్షిణామూర్తి తనకు తానే ఒక షరతు పెట్టుకున్నాడు. శుక్రవారం సెలవు. ఆ రోజు కొత్త మనిషి ఒక్కరితోనైనా తనంతట తాను మాట్లాడాలి. మాట్లాడలేకపోతే ఖలాస్, పెట్టె సర్దుకోవడమే. ఆ మనిషి ఎవరైనా ఫర్వాలేదని ఉదారంగా ఒక సడలింపు కూడా ఇచ్చుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కరామాలో ఆంధ్రా మెస్ అంటే పెళ్లి భోజనాల తోపులాటే, పెళ్లి ఒక్కటే తక్కువ. ఎక్కడ కుర్చీ ఖాళీ అయితే అక్కడ కూర్చోబెట్టేస్తారు. దక్షిణామూర్తిని గోడవారగా ఇద్దరు పట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎదురుగా నీలం చొక్కా మనిషి తలొంచుకుని తింటున్నాడు. పలకరించడానికి దక్షిణామూర్తి పప్పు దగ్గర ఒకసారి, పులుసు దగ్గర ఒకసారి గొంతు సవరించుకున్నాడు. సవరించిన గొంతుతో మంచినీళ్లు తాగాడు.

పెరుగన్నం అయిపోయింది. మామూలు మనిషైతే లేచి చెయ్యి కడుక్కుంటాడు. కానీ ఇతన్ని పెంచింది మామూలు బామ్మ కాదు. బంతిలో ఎదుటివాడు తింటుండగా లేవడమంటే వాడి నోట్లో మట్టి కొట్టడమేనని చెవి మెలేసి మరీ చెప్పింది. దుబాయ్ మెస్సులో బంతి ఎక్కడిదని ఆవిడ చెప్పలేదు, ఇతను అడగనూ లేదు. నీలం చొక్కా ఇంకా తింటూనే ఉన్నాడు. ఖాళీ కంచంతో కూర్చుంటే తొందరపెట్టినట్టుంటుందని దక్షిణామూర్తి మళ్లీ అన్నం పెట్టించుకున్నాడు.

కాసేపటికి నీలం చొక్కా ఆఖరి ముద్ద మింగి తలెత్తాడు. ఎదుటి కంచంలో కొత్త అన్నం కనిపించింది. గట్టిగా ఊపిరి తీసి, అతనూ చారు పోయించుకున్నాడు. ఇతని చారు, అతని మజ్జిగ, మళ్లీ ఇతని పెరుగు. అలా ఇద్దరు పెద్దమనుషులు ఒకరి కోసం ఒకరు, ఆకలన్నది లేకుండా, చెమటలు కక్కుతూ తిన్నారు. గల్లాపెట్టె దగ్గర యజమాని 'ఎంతైనా తినండి' అని తానే రాయించిన బోర్డు వైపు చూసుకుంటున్నాడు. హాలంతా ఖాళీ అయింది.

వడ్డించే హయాత్ బాషాది రాయచోటి. గరిటె భుజాన వేసుకుని వచ్చాడు. "ఏం సామీ, ఇద్దరూ పందెమేమన్నా కట్టుకున్యారా? బువ్వ అయిపాయ. ఇంగ లేయండి, బల్ల తుడుచుకోవల్ల."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ లేవలేదు. అప్పుడు తట్టింది దక్షిణామూర్తికి, ఈ మనిషి ఇంతసేపూ కూర్చున్నది తన కోసమేనని. ఇంత పెద్ద ఊళ్లో తన కోసం ఒకడు కడుపు పగిలేలా తిన్నాడు. ఈసారి గొంతు సవరించుకోవడం మర్చిపోయి అడిగేశాడు.

"లేద్దామాండీ?"

"అమ్మయ్య! మీరెప్పుడు లేస్తరా అని సూస్తున్న సార్. బంతిల నడుమల నేనెట్ల లేస్త?"

"అయ్యో, నేనూ మీ కోసమేనండి బాబూ!"

ఇద్దరూ ఒక్కసారే లేచారు. లేచి నించోలేక మళ్లీ కూర్చుని నవ్వారు. పొట్ట పట్టుకుని తాను నవ్వుతున్న చప్పుడు దక్షిణామూర్తికే కొత్తగా వినిపించింది.

బయట నీడలో నడుస్తుంటే చెప్పాడు నీలం చొక్కా. పేరు గంగాప్రసాద్, జగిత్యాల దగ్గర పల్లె, జెబెల్ అలీలోనే ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. "మా రూంల అందరు నేపాలోల్లు సార్. మంచోల్లే, గని తెలుగు లేక నోరు తుప్పు వట్టింది. ఒక్కన్నే తినబుద్ది గాదు, గందుకే గింతదూరం వస్త. ఈడ గూడ ఎవ్వరు మాట్లాడరు. తింటరు, పోతరు."

"మరి మీరే పలకరించొచ్చు కదండీ?"

"నాకు శరమైతది సార్."

ఆ సిగ్గు ఇన్నాళ్లూ తన ఒక్కడి సొంత ఆస్తి అనుకున్నాడు దక్షిణామూర్తి. బస్సు కనిపించగానే గంగాప్రసాద్ చెప్పుల వైపు చూస్తూ అడిగాడు. "మల్ల శుక్రారం వస్తరా సార్? నాకింక ఏడాదున్నది ఈడ."

"వస్తానండి."

ఆదివారం పొద్దున ముదీర్ అడిగాడు. ఉంటానన్నాడు దక్షిణామూర్తి. మొన్నటిదాకా ఏడుపు మొహం వేసుకుని తిరిగినవాడికి ఏమైందో ముదీర్‌కి అర్థం కాలేదు, ఎందుకని అడిగాడు.

"ఎదుటి మనిషి ఇంకా తింటున్నాడు సార్. నేను మధ్యలో లేవకూడదు."

ముదీర్ తల తిప్పి, తింటున్నదెవరా అని ఆఫీసంతా ఒకసారి కలియజూశాడు. మధ్యాహ్నానికల్లా అందరికీ మెయిల్ వచ్చింది, ఆఫీసు గదుల్లో భోజనం చేయడం నిషేధమని. దక్షిణామూర్తి అది రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, ఇన్నాళ్లూ పేరైనా అడగని పక్క సీటాయన్ని భుజం తట్టి పిలిచాడు.

"ఈ మెయిల్ ఎందుకొచ్చిందో తెలుసా మీకు?" అని మొదలుపెట్టాడు.