ఫ్యాను అడుగు కాగితం

మా అక్క గొంతు ఒక పాత హార్డ్ డిస్కులో మిగిలింది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి అందులో దాచేది. అక్క పోయిన నెలకే ఆ కంప్యూటరూ కాలిపోయింది. డిస్కును పరీక్షించిన మెకానిక్ పెదవి విరిచాడు. "ఇది ఇంకొక్కసారి తిరుగుతుందమ్మా, అంతే. కాపీ మధ్యలో ఆగిందా, ఇక ఆశ వదులుకోండి" అన్నాడు.

"ఒక్కసారి దాని గొంతు వినిపించవే" అంటుంది అమ్మ, రోజూ.

అందుకే మధ్యలో ఆగని కంప్యూటరు నా చేతులతోనే తయారు చేయాలనుకున్నాను. రెడీమేడ్‌ది కొనుక్కోవచ్చుగా అన్నారు కొందరు. మా ఇంట్లో కంప్యూటరు కొనడమంటే విడిభాగాలు ఏరుకొచ్చి బల్ల మీద పరచడమే. స్క్రూలు బిగించే పని నాది. ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాను అడుగున ఒక పలచని ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. దాన్ని తీయకుండా బిగిస్తే ప్రాసెసర్ వేడెక్కి, యంత్రం దానంతటదే ఆగిపోతుంది. ఆ కాగితం తీసే పని అక్కది. తీసి ఊరుకునేదా? చప్పుడు చేయకుండా నా వీపుకు అంటించేది. నేను దాంతోనే బజారంతా తిరిగొచ్చేదాన్ని.

జాబితా రాసుకుని, అక్క ఎర్ర సంచి భుజాన వేసుకుని బయల్దేరాను. మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ, కొత్త డిస్కు మొదటి కొట్లోనే దొరికాయి. రెండో కొట్లో కళ్ళజోడాయన నేను నోరు తెరవకముందే కరెంటందించే పవర్ సప్లై పెట్టె తీసి ముందు పెట్టాడు. నేను రాసుకున్నదానికంటే పెద్దది.

"నాకింత పెద్దది వద్దండీ."

"పొద్దున మీ ఇంటినుంచి ఫోన్ చేశారు కదమ్మా? ఎర్ర సంచితో మా చెల్లి వస్తుంది, ఉత్త పిసినారిది, చిన్నది అడుగుతుంది, ఇవ్వొద్దు అని."

"ఎవరు చేశారు?"

"పేరు చెప్పలేదమ్మా. గొంతు కాస్త బొంగురు."

అక్కది బొంగురు గొంతే. పెద్దదే తీసుకున్నాను.

ఫ్యాన్లు అమ్మే కొట్లో కూర్చున్నావిడ పెట్టెను నా సంచిలో పెడుతూ నా భుజం మీదుగా చూసింది.

"మీతో వచ్చినావిడ ఎండలో నిలబడ్డారే, లోపలికి రమ్మనండి."

గిరుక్కున తిరిగాను. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి భోజనం కూడా చేయకుండా పనిలో పడ్డాను. అమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అన్నీ బిగించి, పాత డిస్కు తగిలించి, బటన్ నొక్కాను. డిస్కు గరగరమంటూ తిరిగింది. కాపీ మొదలైంది. పది శాతం, ఇరవై, నలభై.

అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యాను బిగించాను. కాగితం ఎవరు తీశారు?

నా జన్మలో ఒక్క కాగితం తీసి ఎరగను. నా చేతులకు బిగించడమే వచ్చు. ఇప్పుడు చూడాలంటే ఆపాలి. ఆపితే అక్క గొంతు ఉండదు. ఆపకపోతే, వేడెక్కి అదే ఆగుతుంది.

"ఏమైందే, అలా పాలిపోయావు?"

"ఏం లేదమ్మా."

ఫ్యాను పక్కన వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది. పని చేస్తున్న యంత్రం అంత చల్లగా ఉండకూడదు. వేలు వెనక్కి లాక్కున్నాను.

వందకు చేరింది. పాత డిస్కు టక్కుమని ఆగిపోయింది. పాఠాలన్నీ కొత్త డిస్కులో ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. అమ్మకు వినిపించేముందు నాకొక సంగతి తేలాలి. కంప్యూటరు ఆపి, స్క్రూలు విప్పి ఫ్యాను ఎత్తాను. అడుగున కాగితం లేదు.

పెట్టెలో వెతికాను. సంచి దులిపాను. బల్ల కింద పాకాను. ఎక్కడా లేదు. భయం వేసింది. సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు?

"ఏం పోయిందే?" అంటూ అమ్మ లేచి నా వెనక్కి వచ్చింది. నా వీపు మధ్యలో ఆమె గోరు తగిలింది.

"ఏమిటమ్మా?"

అమ్మ దాన్ని తీయలేదు. ఊడొస్తున్న మూలను వేలితో గట్టిగా అదిమి, మళ్ళీ అంటించింది.