ఢిల్లీ మీదుగా విశాఖపట్నం

గురువారం పొద్దున్నే ఛత్తీస్‌గఢ్‌లో ఉంటున్న నూకరాజుకి విశాఖపట్నం నుంచి ఫోనొచ్చింది. అక్క అప్పలనర్సమ్మకి గుండె ఆపరేషన్ ముందుకి జరిపారట, రేపు ఉదయమే చేసేస్తారట. "నువ్వొచ్చి నా చెయ్యట్టుకుంటేనే లోపలికెల్తాన్రా తమ్ముడా," అంది అక్క. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

సాయంత్రం దుర్గ్‌లో రైలెక్కితే తెల్లారేసరికి అక్క ముందుంటాడు. కానీ విశాఖ ఉన్నది దక్షిణాన, గురువారం అటు ప్రయాణానికి వారశూల! ఉక్కు ప్లాంటులో కరిగిన ఇనుము పక్కన బతుకంతా నిలబడ్డ మనిషికి శూలంటే మాత్రం హడల్. తనకేమైనా అయితే అయింది, ఆ దోషం అక్కకి తగిలితే?

"నిన్ననే తెలిస్తే మీ సంచీ పక్కింట్లో పెట్టి ప్రస్థానం చేసీసేదాన్ని. బుధవారమే బయల్దేరినట్టు లెక్కయ్యేది," అంది భార్య రమణమ్మ. "ఇప్పుడేటి చేస్తారు?"

"ఉత్తరానికెల్తాను."

సెక్టర్ 7లో టికెట్ల కొట్టు నడిపే రాజ్‌కిరణ్ తల పట్టుకున్నాడు. "అంకుల్, ఎగిరితే విశాఖ నాలుగొందల చిల్లర కిలోమీటర్లే. ఢిల్లీ ఎల్లి తిరిగొస్తే రెండు వేలు దాటుద్ది!"

"గురువారం ఉత్తరం మంచిది, శుక్రవారం దక్షిణం మంచిది. నువ్వు కొట్టు బాబూ."

"పోనీ, ఢిల్లీ నుంచి తెల్లారకముందే ఒకటుంది. ఆపరేషన్‌కి అందుకుంటారు."

"సూర్యుడు రాకుండా శుక్రవారం ఎలాగవుద్దిరా? పొద్దెక్కాక ఉన్నది చూడు."

"తిక్కలోడు తిరనాళ్ళకెలితే ఎక్కా దిగా సరిపోయిందంట," అని రమణమ్మ తన సంచీ తను సర్దుకుని దుర్గ్‌లో రైలెక్కేసింది.

శుక్రవారం పొద్దున ఢిల్లీలో పొగమంచు. విమానం ఆలస్యం. అద్దాల అవతల అంతా తెల్లగా ఉంది. "బేటీ, సూరజ్ నికలా క్యా?" అని నూకరాజు గేటు దగ్గర పిల్లనడిగాడు. సూర్యుడి సమాచారం మా దగ్గరికి రాదండీ అని ఆ పిల్ల హిందీలో మర్యాదగా చెప్పింది.

ఎట్టకేలకి ఎగిరాక, ముందు సీటు వెనకున్న తెరమీద బొమ్మ విమానం పాక్కుంటూ ఛత్తీస్‌గఢ్ మీదికొచ్చింది. పక్కసీటాయన మీదేవూరని అడిగాడు. నూకరాజు వేలితో కిందికి చూపించాడు. ఆ వేలు చూసుకుంటే అతనికి ఏడుపొచ్చింది.

ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నం. "వదిన మీకోసం చూసి చూసి, చివరాఖరికి నా చెయ్యట్టుకుని లోపలికెల్లేరు," అంది రమణమ్మ. నూకరాజు గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాటికి అక్క కళ్ళు తెరిచింది. "ఎటు తిరిగొచ్చావురా?"

"ఢిల్లీ మీంచక్కా."

ఆవిడ నవ్వబోయి, కుట్లు లాగి మూలిగింది. "శూలేటి, గీలేటి? ఇనుముతోపాటు నీ బుర్రా కరిగిపోనాదేటి?" అని గొంతు పెగిలినంతమేరా తిట్టింది. బతికిన మనిషి తిడుతుంటే నూకరాజుకి ప్రాణం లేచొచ్చింది.

"మళ్ళీ ఎప్పుడెల్తావు?"

"మంగళవారం."

అప్పలనర్సమ్మ సూది గుచ్చిన చేత్తోనే తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మంగళవారం ఉత్తరం శూల్రా. బుధవారం కూడా శూలే."

"గురువారం మంచిదే వదినా," అంది రమణమ్మ.

అప్పుడే విడదీస్తావా అన్నట్టు అక్కా తమ్ముడూ ఒక్కసారే ఆమెకేసి ఉరిమి చూశారు.