తీగల మధ్య దూరం

"టీ పెట్టేసి ఇటు రా. ఆ బ్రిడ్జి మార్చి పడెయ్. ఎంతసేపు పని? సాయంత్రం ఆ బాస్ కొనే పెద్దాయనొచ్చేస్తాడు."

మా ఆయన దృష్టిలో నా పనులన్నీ "ఎంతసేపు పని" కిందికే వస్తాయి. టీ, అత్తయ్యగారి మందులు, గిటార్లు. పాత గిటార్లు కొని అమ్మే షాపు మాది. ముందు గదిలో ఆయన మాట్లాడతాడు. వెనక గదిలో నేను విప్పుతాను, చూస్తాను, బిగిస్తాను. ఎవరైనా నా వైపు చూస్తే "మా ఆవిడ. దుమ్ము తుడుస్తుంది" అంటాడు. పెళ్ళయిన కొత్తలో నవ్వొచ్చేది.

దుమ్ము తుడవడం అంటే ఇది. "అంతా ఒరిజినలే" అని ఒట్లు పెడుతూ ఎవరో పాత బాస్ గిటార్ తెస్తారు. నేను ముందు బ్రిడ్జిని చూస్తాను. తీగల చివర్లు ఆనే ఇనప పలక అది. స్క్రూ తలలు కొత్తగా మెరుస్తున్నాయా, పలక చుట్టూ వెలిసిపోని రంగు అంచులా బయటికొచ్చిందా, విప్పితే కింద పాత కన్నాల్లో అగ్గిపుల్లలు దూర్చి మూశారా అని వెతుకుతాను. అవి ఉంటే మధ్యలో మార్చినట్టే. మార్చిందంటే విలువ పోయినట్టే. ఇలాంటి మోసాలు పట్టుకోవడం ఇన్నేళ్ళుగా నా పని. ఇవాళ ఆ మోసం నన్నే చెయ్యమంటున్నాడు.

ఈ బాస్ మామయ్యగారిది. రికార్డింగ్ స్టూడియోల్లో పెద్ద పేరున్న మనిషి, పోయినేడాది పోయారు. దీని అసలు బ్రిడ్జి ఆయన పెట్టెలో దొరికింది. "అది బిగించెయ్. ఎప్పుడూ మార్చలేదని చెబుదాం. నాన్న వాయించిన బాస్, ఇంకెవరి చెయ్యీ పడని బాస్ అంటే పెద్దాయన కళ్ళకద్దుకుని తీసుకుపోతాడు."

స్క్రూడ్రైవర్ ఆనించబోయి ఆగాను. తీగలు మరీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతాల వరసకి సరిగ్గా పడాల్సినవి లోపలికి జరిగిపోయాయి. ఎవరో వెతికి వెతికి ఇరుకు బ్రిడ్జి తెచ్చి వేశారు. శబ్దం కోసమైతే ఎవరూ ఇలా చెయ్యరు. చేతి కోసం చేస్తారు. నా రెండు వేళ్ళు తీగల మీద పెట్టి చూశాను. కొలిచి చేసినట్టు సరిపోయాయి.

నా వేళ్ళు చిన్నవి. మామయ్యగారు గ్లాసు పట్టుకుంటే గ్లాసు కనిపించేది కాదు.

బాస్ పట్టుకుని అత్తయ్యగారి గదిలోకి వెళ్ళాను. మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. కణుపులు వాచి వేళ్ళు వంకర్లు పోయినా పని మానరు.

"అత్తయ్యా, దీని బ్రిడ్జి ఎవరు మార్పించారు?"

"మీ మామయ్య. ఇంకెవరు?"

"ఆయన వేళ్ళు ఈ సందుల్లో దూరవు."

ఒక బఠాణీ మంచం కిందికి దొర్లింది. ఆవిడ అది పోయిన వైపే చూస్తూ ఉండిపోయారు.

"తలుపు వెయ్యి."

వేశాను.

"ఆయనకి చేతులు వణికేవి. తాగుడు. పొద్దుటి రికార్డింగంటే అసలు పట్టే చిక్కేది కాదు. ఇంట్లో వింటూ వింటూ నాకొచ్చేసింది. ఒకరోజు ఆయన బదులు కూర్చున్నా. ఆ తర్వాత రోజూ నేనే."

"స్టూడియోలో ఎవరూ ఏమనలేదా?"

"తలుపు మూసిన చిన్న గదిలో విడిగా వాయించేదాన్ని. సౌండ్ చూసే అతనొక్కడికే తెలుసు. మిగతావాళ్ళకి నేను క్యారియరమ్మని. మొగుడికి అన్నం తెచ్చే మనిషిని. చేతిలో క్యారియరుంటే ఏ తలుపైనా తీస్తారే! బాస్ ఉంటే గేటు దగ్గరే ఆపేవాళ్ళు." నవ్వారు. "కూర రోజూ మాడిందే. అయినా ఒక్కడికీ అనుమానం రాలేదు."

బాస్ ఆవిడ ఒళ్ళో పెట్టాను. కుడిచెయ్యి దానంతటదే తీగల మీదికి వెళ్ళింది. రెండు వేళ్ళు ఒకదాని వెనక ఒకటి నడవబోయాయి. గోళ్ళు గీసుకున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. చెయ్యి తీసేసి మళ్ళీ గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

"తీసుకుపో. పాతదే బిగించెయ్. వాడికి వాళ్ళ నాన్న మిగలనీ."

వెనక గదిలో కూర్చున్నాను. "స్క్రూడ్రైవర్ పట్టే చేతికి గరిటేం ఆనుతుందమ్మా" అని ఆవిడ నన్ను ఎన్నిసార్లన్నారో! అన్నప్పుడల్లా నా మీద కోపమనుకున్నాను. ఆ మాట ఎవరి చేతికి చెప్పుకున్నారో ఇప్పుడు తెలిసింది. పాత బ్రిడ్జి పలక పెద్దది. బిగిస్తే ఆవిడ వేయించిన కన్నాలన్నీ దాని కింద మాయమైపోతాయి. నేను చేస్తే ఎవరికీ తెలియదు కూడా, అంత శుభ్రంగా చేస్తాను. ఒక మనిషి జీవితమంతా చేసిన పని పోవడానికి ఐదు స్క్రూలు చాలు. వాటిని తిప్పాల్సింది నేను. రేపు నేను పోయాక ఈ షాపులో నా పని ఎవరికైనా కనిపించాలంటే ఏం మిగులుతుంది? దుమ్ము లేకపోవడమా?

పెద్దాయన వచ్చాడు. బాస్ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇరుకు బ్రిడ్జి దాని మీదే ఉంది. మా ఆయన దాన్ని చూసి నా వైపు తిరిగాడు.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని వంగాడు. "ఇది ఒరిజినల్ కాదే?"

"అంటే... నాన్న మధ్యలో శబ్దం కోసమని..."

"శబ్దం కోసం కాదండీ," అన్నాను. "చిన్న చేతి కోసం. తీగల మధ్య దూరం చూడండి."

పెద్దాయన తన వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. దూరలేదు. గోడ మీద మామయ్యగారి ఫొటో వంక చూశాడు. తర్వాత నా వంక.

"ఎవరి చెయ్యమ్మా?"

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు మా ఆయన, నవ్వు చెదరకుండా.

వెళ్ళాను. నేరుగా అత్తయ్యగారి గదికి.

"అత్తయ్యా, ఇది ఎవరి చెయ్యని పెద్దాయన అడుగుతున్నాడు. మీరు వద్దంటే తెలీదని చెప్పేస్తాను."

బఠాణీలు ఒలవడం ఆపారు. గిన్నె పక్కన పెట్టి వేళ్ళు చూసుకున్నారు.

"వాయించి చూపించమంటాడేమోనే. ఏం చూపించను?"

"మీరేమీ చూపించక్కర్లేదు. పలక విప్పి మీరు వేయించిన కన్నాలు నేను చూపిస్తాను."

ముందు గదిలోంచి మా ఆయన పిలిచాడు. మళ్ళీ పిలిచాడు, ఈసారి గట్టిగా. అత్తయ్యగారు తలుపు వైపు చూసి, దువ్వెన కోసం చెయ్యి చాపారు. అది వేళ్ళలో నిలవలేదు, జారి పడింది.

"ఆగమను. జుట్టిలా రేగిపోయి ఎలా రాను?"

దువ్వెన తీసుకుని ఆవిడ వెనక కూర్చున్నాను. ఎక్కడా తొందరపడకుండా, మెల్లగా చిక్కు తీయడం మొదలుపెట్టాను.