కంచులో పెద్దసారు

టంకశాలలో పెద్దసారు నోట “బాగుంది” అన్న మాట విన్న మానవుడు లేడు. ముప్పై ఏళ్లు నాణేల అచ్చులు చెక్కిన మేస్త్రికి కూడా ఆ భాగ్యం కలగలేదు. పెద్దసారు భూతద్దం పెట్టి చూసేవాడు. వంక దొరక్కపోతే “ఊఁ, కొట్టించు”, దొరికితే “సుత్తి కింద పెట్టు”, అంతే. చెడిన అచ్చు ఆ రోజే పగలాలి, దాంతో కొట్టినవి ఆ రోజే కరగాలి.

అంతటి మనిషి మంచాన పడ్డాడు. ఆయన గౌరవార్థం ఆయన ముఖంతో కంచు పతకం వేయాలని టంకశాల వాళ్లు తీర్మానించారు. ఇంకెవరు చెక్కుతారు? మేస్త్రి తిండీ తిప్పలూ మానేసి కూర్చున్నాడు. ఎదురుగా చూస్తున్న ముఖం, వెడల్పాటి నుదురు, ఎడమ చెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ. ఈసారైనా ఆ ఒక్క మాట అనకపోతాడా అని చచ్చేంత ఆశ.

తొలి పతకం పట్టుకుని ఇంటికి వెళ్లాడు. నెల రోజుల గడ్డంతో పెద్దసారు గుర్తుపట్టలేనంతగా మారిపోయాడు. అయినా భూతద్దం అడిగి మరీ చూశాడు.

“మచ్చ అటు పెట్టావేంటయ్యా? ఇటు కదా ఉండాలి! రోజూ అద్దంలో చూసుకుని గడ్డం గీసుకున్నవాణ్ణి, నాకు తెలీదూ? సుత్తి కింద పెట్టు.”

మేస్త్రి ప్రాణం ఉసూరుమంది. చూసి తేల్చుకుందామంటే చెంపల్ని గడ్డం కప్పేసింది. అచ్చు చెక్కడమంటే అంతా తిరగేసి చెక్కడమే. కుడి ఎడమలు తారుమారు కావడం అతనికీ కొత్తకాదు. పైగా పెద్దసారు తప్పన్నాడంటే తప్పే! అదే పూట అచ్చు పగలగొట్టాడు, పతకాలు కొలిమిలో వేశాడు. “కాస్త ఓపిక పట్టండి సారూ” అని గొణుక్కుంటూ, మచ్చ రెండో చెంపకు మార్చి నాలుగు రోజుల్లో మళ్లీ చెక్కాడు.

ఆయన ఓపిక పట్టలేదు. ఐదో రోజు పొద్దున మేస్త్రి గుమ్మం ఎక్కేసరికి హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. గడ్డం శుభ్రంగా గీయించారు. ఎడమ చెంప మీద నిక్షేపంగా ఉంది పుట్టుమచ్చ.

మేస్త్రికి అప్పుడు వెలిగింది. అయ్యో, జన్మంతా తన ముఖాన్ని అద్దంలోనే చూసుకున్న మనిషి! అద్దంలో ఎడమ చెంప ఎడమవైపే ఉంటుంది, ఎదుటివాడికి, పతకం చూసేవాడికి మాత్రం కుడివైపు కనపడుతుంది. మొదటిదే సరైనది. దాన్ని చేజేతులా కరిగించేశాడు. ఇక చూసి మెచ్చుకునే కళ్లు లేవు. మేస్త్రి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

పెద్దసారు భార్య, అమ్మగారు, పతకం చేతిలోకి తీసుకుని తడిమింది. “అచ్చం ఆయనే. కానీ మచ్చ ఆ చెంపకి కదయ్యా! మొన్న చూపించావుగా, ఆయన కనిపెట్టలేదా?”

చూడటానికొచ్చిన టంకశాల వాళ్లందరూ మేస్త్రి వైపు తిరిగారు.

“ఆయన చూసినదాంట్లో సరిగ్గానే ఉందమ్మా” అన్నాడు మేస్త్రి కళ్లు తుడుచుకుంటూ. “తర్వాత నేనే పాడుచేశాను.”

“మేస్త్రికి చూపు తగ్గింది, పాపం” అన్నారెవరో వెనకనుంచి. మేస్త్రి అవునన్నట్టు తల ఊపాడు.